రెండో మిల్లు

నరసరావుపేటలో మా నాన్న పొలం అమ్మి వేరుశనగ నూనె మిల్లు పెట్టిన ఏడే మా అన్న విషజ్వరంతో పోయాడు. ఇంట్లో బిడ్డంటూ మిగిలింది నేనొక్కదాన్నే. ఇంతలో యుద్ధం వచ్చింది, నూనెకు గిరాకీ పెరిగింది, మేము మేడ కట్టాం. ఊరు ఆ చావునూ ఈ మేడనూ కలిపి ముడేసింది.

నాన్న ఎదురైతే తలగుడ్డ తీసి దండం పెట్టేవాళ్లే, నాన్న మలుపు తిరగ్గానే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు. ఒకరోజు బావి దగ్గర పక్కింటి పెద్దమ్మ, నేను వింటున్నానని కూడా చూడకుండా అనేసింది.

"మిల్లు ఊరికే తిరుగుద్దా? కొడుకును పునాదికిచ్చాడు, లక్ష్మొచ్చి కూర్చుంది. అట్టాంటి డబ్బు మనకెందుకమ్మా!"

మర్నాడు ఆ పెద్దమ్మే వాళ్లబ్బాయికి మిల్లులో పని ఇప్పించమని మా గుమ్మంలో కూర్చుంది. సిగ్గులేని మనిషి!

కానీ నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆ మాట విన్నాక మిల్లు కూత పెడితే చాలు, రెండు చేతులతో చెవులు మూసుకునేదాన్ని. నాన్న ముద్దుగా పిలిచినా దగ్గరికి వెళ్లేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ నాన్న అమ్మతో సంతోషంగా అన్నాడు. "ఏమే, మాచర్లలో ఇంకో మిల్లు పెడతన్నా. స్థలం కుదిరింది."

నా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. అమ్మ నవ్వితే నా భయం పోతుందని ఆమె వైపు చూశాను.

అమ్మ నవ్వలేదు. గరిటె కింద పెట్టి, నన్ను ఒళ్లోకి లాక్కుని, నాన్నకు కనపడకుండా కొంగు కప్పేసింది.