పచ్చిగా కోసిన గడ్డి

గడ్డిమాష్టారు ఎవరికీ పాఠాలు చెప్పినవాడు కాదు. పరిశోధన కేంద్రంలో గడ్డిజాతుల్ని కలిపి కొత్తవి పుట్టించడం ఆయన ఉద్యోగం. ఆ గడ్డి మనుషులు తినేదీ కాదు, పశువులు మేసేదీ కాదు. బాయిలర్లో కాల్చి కరెంటు తీయడానికి. "తగలెయ్యడానికి ఇంత ముద్దుగా పెంచాలా, బావా?" అని బావమరిది ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడు.

ఒకసారి నాటితే ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ మొలిచే గడ్డి అది. మంచిదో కాదో తేలడానికీ ఏళ్ళే పడుతుంది. కంకులకు కాగితం సంచులు తొడుగుతూ, పనికిరాని మొక్కల్ని పీకి పారేస్తూ ఉండగానే జుట్టు నెరిసిపోయింది. చివరికి ఒక్క రకం నిలిచింది. రెండు నిలువుల ఎత్తు, గాలివానకు పడదు. విత్తనం మాత్రం కట్టదు. దుబ్బు చీల్చి నాటుకోవాల్సిందే. ఓ దుబ్బు తెచ్చి పెరట్లో బట్టలుతికే బండ పక్కన పెట్టాడు. సాయంత్రం ఆయన చెప్పులు విడవకముందే భార్య అడిగేది: "నా సవతి ఎలా ఉంది?"

ఆ గడ్డి విషయంలో ఆయనది ఒకటే మాట. నిలువునా ఎండేదాకా కొయ్యకూడదు. ఎండేటప్పుడు ఆకుల్లోని సారం వేళ్ళలోకి దిగుతుంది. మరుసటి ఏడు చిగురించేది దాంతోనే. అన్నం ముందు కూర్చున్నా ఇదే చెప్పేవాడు. ఆవిడకు కంఠతా వచ్చేసింది.

ఆ ఏడు కేంద్రం మూసేస్తారని పుకారు పుట్టింది. బాయిలర్ కంపెనీ వాళ్ళు పంట బరువు చూసి పెట్టుబడి పెడతామన్నారు, అదీ వానలు వెలవకముందే.

"మీరు ఎండేదాకా ఆగుదామంటే వాళ్ళకు అదే చెప్పేస్తాను మాష్టారూ. వాళ్ళు మాత్రం ఆగరు" అన్నాడు డైరెక్టర్.

ఒక్క కోతకు ఏం కాదులే అని మాష్టారు తనకు తానే సర్దిచెప్పుకుని పచ్చిగానే కోయించాడు. బరువు చాలదేమోనని, భార్య చెల్లెలింటికి వెళ్ళిన పూట చూసి, పెరట్లో దుబ్బు కూడా మొదలంటా కోసుకొచ్చి కాటా మీద పడేశాడు. అందులో సగానికి పైగా నీళ్ళేనని ఆయనకు తెలుసు. అయినా బరువు చూసి కంపెనీ వాళ్ళు కొట్టిన చప్పట్లు తియ్యగానే ఉన్నాయి. ఆయన పనిని నలుగురు మెచ్చుకోవడం అదే మొదలు.

కోశాక వానలు ఆగలేదు. మోళ్ళలో నీళ్ళు నిలిచాయి. మరుసటి ఏడు పక్క మళ్ళలో ఎండాక కోసిన నాసిరకాలన్నీ ఏపుగా లేచాయి. ఆయన మడిలో నాలుగు పసుప్పచ్చ పోచలు వచ్చి, అవీ వాడిపోయాయి. తవ్వితే వేళ్ళు చేతిలో బురదలా నలిగాయి. మడి దున్నించెయ్యమని డైరెక్టర్ మెల్లగా చెప్పాడు.

మొలక రాకపోయినా పెరట్లోదాని వేళ్ళైనా బతికుంటాయేమోనని ఆదరాబాదరా ఇంటికొచ్చాడు. భార్య బండ మీద కూర్చుని ఉంది. అప్పటికే దుబ్బు తవ్వి పక్కన పెట్టింది. ఆయన వేలితో నొక్కి చూశాడు. అదీ అలాగే నలిగింది. ఆయనకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ చేతి మట్టి దులుపుకుంటూ, "ఆగాలి, ఆగాలి అని ఇన్నేళ్ళూ నాకు చెప్తూనే ఉన్నారుగా" అంది. "కోసేముందు ఒక్క మాట నన్నడిగితే, ఆగమనేదాన్ని."

మర్నాటి నుంచి ఆయన చెప్పులు విడిచి లోపలికొచ్చినా ఆవిడ ఏమీ అడగలేదు.