నీళ్లు లేని కోత

మా ఆయన గ్రానైటు, టైల్స్ కోసే మేస్త్రి. పక్కన కూర్చుని బ్లేడు మీద నీళ్లు పోయడం నా పని. సీసా మూతకు బెజ్జాలు పెట్టి, బ్లేడు ఎటు కదిలితే అటు పోసేదాన్ని. నీళ్లు పడితే దుమ్ము లేవదు, బురదై జారిపోతుంది. "నీళ్లు లేకుంటే మిషన్ ముట్టేదే లేదు" అని పెళ్లయిన కొత్తలో గొప్పగా చెప్పిన మనిషి ఆయన. బోరబండ నుంచి ఇద్దరం ఒకే బండి మీద పనికి వెళ్లేవాళ్లం.

అమీర్‌పేటలో ఒక హాస్టల్‌కు బాత్‌రూముల పని వచ్చింది. కింది అంతస్తుల్లో పిల్లలు ఉంటూనే ఉన్నారు. మొదలుపెట్టిన కాసేపటికే ఓనరు పైకి వచ్చాడు. కోస్తా మనిషి, మర్యాదస్తుడే.

"ఏంటి మేస్త్రి గారూ, ఈ బురదంతా కింద గదుల్లోకి కారుతోంది. పిల్లలు ఖాళీ చేసి వెళ్లిపోతామంటున్నారు. నీళ్లు లేకుండా కోసేయండి."

"దుమ్ము లేస్తది సార్, పాణాలు పోతయ్" అన్నాను.

"కిటికీలు తెరుచుకోండమ్మా" అని దిగిపోయాడు. ఆహా, ఎంత సులువు! మాకు ఆ పని ఇప్పించిన కాంట్రాక్టరు ఇంకో రెండాకులు ఎక్కువే చదివాడు. మాస్కులు అడిగితే బెల్లం తెచ్చిపెట్టాడు.

"పనయినంక పొద్దుమూకి తినుండ్రి. దుమ్మంత కడుపులకెల్లి పోతది. ఫికరే వద్దు."

దుమ్ములో పనిచేసేవాళ్లంతా నమ్మే మాటే అది. మా అమ్మా నమ్మేది. నేనూ తిన్నాను. తీపి కదా, ఎవరు కాదంటారు? మా ఆయన ముక్కుకు నేను తడి తువ్వాలు కడితే కాసేపటికే లాగేశాడు, ఊపిరాడడం లేదని. ఇంటికి వచ్చేసరికి కనురెప్పలతో సహా తెల్లగా ఉండేవాడు.

ఆ పని అయిపోయింది, పీడ పోయిందనుకున్నాను. అసలు పీడ అప్పుడే మొదలైంది. చుక్క నీళ్లు పడకుండా నీట్‌గా కోస్తాడని ఓనరు నలుగురికీ చెప్పాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లు, పంజాగుట్ట షాపులు, అందరూ "గా నీట్ మేస్త్రిని పంపుండ్రి" అనేవాళ్లే. మురిసిపోయాడు మా ఆయన, పిచ్చి మనిషి. నేను సీసా తీస్తే విసుక్కునేవాడు.

"పేరొచ్చిందని పాణమిస్తవా?"

"జర నోరు మూస్కోయే, పని పోతది."

ఇక నాకు దుమ్ము ఊడ్చే పనే మిగిలింది.

కొన్నేళ్లకు మిషన్ పట్టుకుని ఒక్క అంతస్తు ఎక్కలేకపోయాడు. ఒకచోట టీబీ అని మందులిచ్చారు. తగ్గలేదు. పంజాగుట్టలో పెద్ద డాక్టరుకు చూపించాం. డాక్టరు ఎక్స్-రే చూసి, మా ఆయన ఏం పని చేస్తాడని అడిగాడు. చెప్పాను. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాడు. దాన్ని తీసే మందు లేదు, ఇక ఆ పని ముట్టుకోవద్దన్నాడు.

"నువ్వూ పక్కనే పనిచేస్తావా అమ్మా? దగ్గేమైనా ఉందా? నీకూ ఎక్స్-రే తీయిద్దాం" అన్నాడు డాక్టరు.

ఉంది. చలికాలం నుంచి పొద్దునపూట వస్తూనే ఉంది. మా ఆయన నా వైపు చూశాడు.

"లేదు సార్. నేను ఇంట్లనే ఉంటా."

బయటికి రాగానే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎందుకు అబద్ధమాడినవే?"

"నన్ను సుత పని బంజేయమంటే ఎట్ల బతుకుతం? రేపు మధురానగర్‌ల ఇంకో మేస్త్రి కాడికి పోతున్న. మాట్లాడిన."

ఆయన ఏడవబోయాడు. దానికి కూడా ఊపిరి చాలక, ఆసుపత్రి గోడ పట్టుకుని దగ్గుతూ నిలబడిపోయాడు.