వర్బులు రాని మునవ్వర్ సారు

కంటపడ్డది ఏదయినా సరే, అది ఏ నౌనో తేల్చనిదే మునవ్వర్ సారుకు ముద్ద దిగదు. రెండువేల నాలుగులో గద్వాలలో ఆయన ఇంగ్లీషు ట్యూషను పిల్లలతో, వాళ్ళ నవ్వులతో కిటకిటలాడేది. అదే గల్లీ చివర ట్యూషను పెట్టుకున్న రాఘవేంద్రకు ఆ నవ్వులు వినబడినప్పుడల్లా కడుపు మండేది.

మండదూ మరి? జూన్‌లో మొదలైన నౌన్లు దీపావళి దాటినా తెమలవు. ఆ తర్వాత "వర్బులు నాకు రావు బేటా, రాఘవేంద్ర సారు దగ్గరికి పోండ్రి" అని పంపేస్తాడు. అక్కడ పడీపడీ నవ్వి వచ్చిన పిల్లలు ఇక్కడ టెన్సులు వింటూ ఆవలిస్తారు. కష్టమంతా తనది, పేరంతా ఆయనది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఒకసారి చీరలు నేసే మొగులయ్య మగ్గాల దగ్గరికి రాఘవేంద్ర చీర కొనడానికి వెళ్ళాడు. అక్కడా మునవ్వరే, పక్కన భార్య కుల్సుమ్‌బీ.

"చీర కామన్ నౌను. గద్వాల ప్రాపర్ నౌను. పట్టు మెటీరియల్ నౌను," అంటున్నాడు మునవ్వర్. "దీని మీద మా కుల్సుమ్‌బీకున్న మోజు కండ్లకు కనిపియ్యదు. గది అబ్‌స్ట్రాక్ట్ నౌను."

"ముందుగాల చీర తీస్కోండ్రి. నౌన్లు ఇంటికాడ చెప్దురు," అన్నది కుల్సుమ్‌బీ.

మొగులయ్య నవ్వలేక చచ్చాడు. మర్నాడే కూతురు రోహిణిని మునవ్వర్ ట్యూషనులో చేర్చాడు. చీర కొననొచ్చి మగ్గాల దగ్గరే నిలబడ్డ రాఘవేంద్రను మాత్రం పలకరించిన పాపాన ఎవరూ పోలేదు.

తీరా పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాక రాఘవేంద్రకు కామెర్లు పట్టుకున్నాయి. మంచంలో ఉన్నన్నాళ్ళూ ఒకటే దిగులు. పిల్లలంతా అటే పోతారు, ఇక తన గదికి తాళమే గతి అనుకున్నాడు. లేచి గోడ పట్టుకుని వస్తే గది నిండా పిల్లలున్నారు. ప్రాణం లేచొచ్చింది.

"టెన్సులు తియ్యండ్రి," అన్నాడు.

"అయిపోయినయ్ సార్," అన్నది రోహిణి. "మునవ్వర్ సారు చెప్పిండు. పాసివ్ వాయిస్ గూడ."

"ఆయనకు రాదు గద?"

"మస్తు వస్తది సార్. మీరు లేచినంక మళ్ల రాదంట. అందుకే మమ్ముల ఇటు తోలిండు."

సాయంత్రం రాఘవేంద్ర ఉండబట్టలేక వెళ్ళేసరికి మునవ్వర్ వాకిట్లో చాయ్ తాగుతున్నాడు.

"ఇన్నేండ్లు రాదని ఎందుకు చెప్పిండ్రు సార్?"

"మీరు కొత్తగ వచ్చినప్పుడు ఖాళీ గదిల బోర్డుకు పాఠం చెప్పుకుంటుండ్రి. చూస్తే మనసొప్పలే," అన్నాడు మునవ్వర్. "గ్రామరు పెద్దది సార్. ఒక్కడే తింటే అరగదు."

రాఘవేంద్రకు సిగ్గేసింది. ఈ మంచితనం కూడా ఆయనకే ఉండాలా అని వెంటనే మళ్ళీ కుళ్ళు పుట్టింది. ఇక దాచలేక కక్కేశాడు.

"మీరంటే నాకు మొదట్నుంచి కడుపుమంట సార్."

మునవ్వర్ కళ్ళు మెరిశాయి. చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు.

"కడుపుమంట అబ్‌స్ట్రాక్ట్ నౌను సార్, కండ్లకు కనిపియ్యదు," అన్నాడు. "గాని మీది గల్లీ మొదట్నుంచే కనిపిస్తుండె. కూసోండ్రి, చాయ్ తాగుదురు."