మిల్లు రెండో జట్టును గెంటేసిన రూలు

మిల్లు రెండో జట్టును బెజవాడ ఫుట్‌బాల్ లీగులోంచి గెంటేయించింది నేనే. కమిటీ అంతా కలిసి చేశారని పుస్తకంలో రాసుకున్నారు గానీ, కాగితం మీద రూలు పెట్టింది నేను. అదీ ఒళ్ళు మండి పెట్టాను. తర్వాత దాన్నుంచి తప్పించుకోవాలని చూశాను కూడా, కుదరలేదు.

అప్పటికి యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం ఇంకా రాలేదు. గవర్నర్‌పేటలో ఒక టోకు బట్టల కొట్లో గుమాస్తాని నేను. పేటలోని కొట్ల గుమాస్తాలందరం కలిసి ఒక జట్టు. మంగళగిరి నుంచి నేతవాళ్ళ జట్టొకటి చిన్న రైలెక్కి వచ్చేది. కంకిపాడు నుంచి రైతుల జట్టొకటి బొగ్గుతో నడిచే బస్సులో మసి కొట్టుకుని దిగేది. ఇంకో రెండు మూడు ఉండేవి. అందరం ఉత్త కాళ్ళతోనే ఆడేవాళ్ళం. వీళ్ళందరి మధ్యా ఊరి చివరి మిల్లు వాళ్ళ రెండో జట్టు.

ఆ మిల్లు ఆటగాళ్ళని జీతాలిచ్చి పెట్టుకునేది. మొదటి జట్టు మద్రాసు దాకా వెళ్ళి కప్పులు తెచ్చేది. అందులో చోటు దొరకని వాళ్ళని ఊరికే కూర్చోబెట్టడమెందుకని మా మీదికి తోలేవాళ్ళు. అంతవరకూ బాగానే ఉంది. కానీ మొదటి జట్టుకి ఆట లేని వారం అందులోంచి నలుగురైదుగురు దిగొచ్చి రెండో జట్టులో ఆడేవాళ్ళు. ఆ వారం ఎవడి ఖర్మ కాలితే వాడికి ఆరు గోల్స్. పై వారం అదే జట్టుని కంకిపాడు వాళ్ళు నవ్వుతూ ఓడించి పోయేవాళ్ళు. ఇదేం లీగండీ? ఎవరెంత చెమటోడ్చినా, మిల్లు వాళ్ళు ఎవరికి ఏ వారం తగిలారన్న దాన్ని బట్టే కప్పు.

ఒక ఏడు మాకు ఆ ఆరు గోల్స్ వారం తగిలింది. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. కుడి మోకాలు మబ్బు పట్టినప్పుడల్లా సలిపేది. ఇంకొక్క ఏడు ఆడితే గొప్ప. ఆ లోపల మా జట్టుతో కలిసి కప్పు చేత్తో పట్టుకోవాలి, అంతే. పెళ్ళాం పిల్లలున్నవాడు కోరుకోవాల్సిందేనా అంటే కాదు. కానీ నాకు వేరే కోరిక లేదు.

ఏడాది చివర కమిటీ కూర్చున్నప్పుడు లేచి నా కాగితం చదివాను. ఆట ఆడిన పూటకి జీతం పుచ్చుకునేవాడు ఈ లీగులో ఆడకూడదు. అబ్బో, చప్పట్లే చప్పట్లు.

మిల్లు రెండో జట్టు కెప్టెన్ నా ఈడువాడే. మొదటి జట్టు పిలుపు కోసం ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాడు. అతను నిదానంగా లేచాడు.

"మొదటి జట్టు మమ్మల్ని రానివ్వదు. మీరూ వద్దంటే మేం ఎక్కడ ఆడాలండీ?"

"మిల్లు ఆవరణ ఉందిగా, అందులో ఆడుకోండి" అన్నాను. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమంటే మంగళగిరి కెప్టెన్ ఒక్కడే ఎత్తలేదు. బయటికొచ్చాక ఏమయ్యా అని నిలదీశాను. "వాళ్ళని ఓడించిన రోజున మా వీధి వీధంతా స్టేషనుకి ఎదురొస్తుందండీ. వాళ్ళు లేకపోతే ఎవరొస్తారు?" అన్నాడు. వెర్రిబాగులవాడనుకున్నాను.

మరుసటేడు మిల్లు వాళ్ళు లేరు. మేం బాగానే ఆడాం. చివరికి కప్పు మాదా మంగళగిరిదా అన్నదొక్కటే మిగిలింది. ఆ ఆటకి రెండు రోజుల ముందు కంకిపాడు వాళ్ళు ఫిర్యాదు పెట్టారు. నా మీద!

సంగతేమంటే, మా జట్టులో మిగతావాళ్ళకి ఆట రోజున వాళ్ళ కొట్లలో పూట జీతం కోసేవాళ్ళు. మా షావుకారు గారికి ఆటంటే ముచ్చట. శనివారం మధ్యాహ్నం కాగానే "ఇంకా ఇక్కడే ఉన్నావేమయ్యా, వెళ్ళు" అని తరిమేవారు. కోత మాటే ఎత్తేవారు కాదు. అది జీతం పుచ్చుకుని ఆడటమని నాకు కల్లో కూడా తోచలేదు.

పరుగున వెళ్ళి, ఈ ఏడు ఆట పూటలన్నీ కోసెయ్యండని షావుకారు గారి కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆయనకి కోపమొచ్చింది. "మా నాన్నగారి నాటినుంచీ ఈ కొట్లో పూట కోతల్లేవు. నీ బంతాట కోసం నన్ను పిసినారిని చేస్తావా? కోశానని చెప్పుకో, పో. అడిగితే నేనూ అంటాలే."

అలాగే చెబుదామని కమిటీకి వెళ్ళాను. ఎదురుగా మంగళగిరి కెప్టెన్ కూర్చుని ఉన్నాడు. మగ్గం దిగి వచ్చాడు, వేళ్ళకి ఇంకా రంగు అంటుకునే ఉంది. అతను వచ్చిన ప్రతి ఆటకీ మగ్గం ఆగేది, ఆ పూట కూలి ఉండేది కాదు. రూలు రాసినప్పుడు ఈ మనిషి నాకు గుర్తే రాలేదు. అతన్ని చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను. దాంతో తిక్క రేగి, "కోయరు! ఏం చేసుకుంటారో చేసుకోండి" అని అరిచేశాను.

"పోనీండి, ఆడనివ్వండి. మాకేం అభ్యంతరం లేదు" అన్నాడతను. కమిటీ పెద్ద నా కాగితమే తీసి, సంతకం చూపించి, ఆడటానికి వీల్లేదన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆట రోజున కాలవ గట్టు మీద, మైదానం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల కూర్చున్నాను. కాసేపటికి మిల్లు కెప్టెన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. బంతి ముట్టుకుని ఏడాదయిందట. ఎత్తిపొడుస్తాడనుకున్నాను. గోళీ సోడా రెండు తెచ్చి నాకొకటిచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆట మొత్తం అతని మొహం చూడలేకపోయాను.

నా బదులు దిగినవాడు బాగానే ఆడాడు. ఒక్క గోలుతో మేం గెలిచాం. మావాళ్ళు కప్పెత్తి, రావయ్యా రా అని కేకలేశారు. నేను లేవలేదు.

"వెళ్ళండి. మీ జట్టేగా" అన్నాడతను.

"నేను ఆడలేదు కదండీ."

"మా మొదటి జట్టు తెచ్చిన కప్పులన్నీ నేనూ పట్టుకున్నానండీ, ఎనిమిదేళ్ళూ. ఏమీ అనిపించదు."

వెళ్ళాను. మావాళ్ళు వీపు చరిచి కప్పు నా చేతుల్లో పెట్టారు. రెండు చేతులా పట్టుకుని గట్టు వైపు చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు. నాకూ ఏమీ అనిపించలేదు.