వెండి బిళ్ళ కోసం ఉదయగిరికి

ఉదయగిరి వెళ్ళాలనుకునేవారికి ముందుగా ఒక మాట. ఆత్మకూరు నుంచి పొద్దున ఆరింటికి బయలుదేరే బస్సే మేలు. ఎండ ముదరకముందే కొండ కిందికి చేరుస్తుంది. తిరుగు బస్సు మూడింటికి. అది తప్పితే ఆ రాత్రికి అక్కడే పడుకోవాలి. మాకు మాత్రం ఆ బస్సు తప్పడానికి వీల్లేదు. ఎందుకో చెబుతాను.

నేను ఆత్మకూరు దగ్గర ఒక ఎలిమెంటరీ బడిలో అయివారిని. చేజర్ల దారిలో చెరువుకట్ట కింద యానాదుల పాలెం ఒకటుంది. కొన్నేళ్ళుగా, బడి వదిలాక అక్కడి కుర్రకారును పోగుచేసి యువజన సంఘం నడుపుతున్నాను. చదువు, కోలాటం, చెడుగుడు, అంతే మా కార్యక్రమం. వాళ్ళు పగలు కూలికో చేపలకో పోతారు. పొద్దుగూకేసరికి మాత్రం మునసబుగారి చావడి ముందు హాజరు కావాలి. పేరు పిలవగానే ముందుకొచ్చి, గొంతుక్కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకోవాలి. లెమ్మనేదాకా నోరు మెదపకూడదు. ఈ కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగ అని తెల్లదొరలు చేసిన చట్టం అది. దొరలు పోయారు, చట్టమూ ఎత్తేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? మా మునసబు హాజరు పుస్తకం మూయలేదు. అర్జీలు పెట్టి పెట్టి అలిసిపోయాం.

అట్లాంటప్పుడు ఉదయగిరి నుంచి కబురొచ్చింది. యువకులకు సేవ చేసేవారిని ఏటా గౌరవించే సభ ఒకటి ఉందట. ఈ ఏడు వెండి బిళ్ళ నాకట. నెల్లూరు నుంచి పెద్ద ఆఫీసరు వస్తాడు, మీ సంఘం పిల్లల్ని కూడా తీసుకురండి అన్నారు.

బిళ్ళ సంగతి అటుంచి, ఆఫీసరు అనగానే చెంచయ్య లేచి కూర్చున్నాడు. మా సంఘంలో మొదట చదవడం నేర్చినవాడు అతనే. సంగం ఆనకట్ట దగ్గర కాలవ కాపలా పని అతనికి ఇస్తామన్నారు. రాత్రిళ్ళు అక్కడే ఉండాలి. రోజూ ఇక్కడ హాజరుంటే అక్కడెట్లా ఉంటాడు? నెలాఖరులోగా రాకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామని చెప్పేశారు.

"ఆఫీసరుకు ఒక్క మాట చెప్తా అయివోరా" అన్నాడు. ఆ మాటను చెరువుగట్టు మీద గొంతెత్తి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! "అయ్యా, హాజరు చట్టం పోయిందంట. ఆ మాట మా మునసబుకు గూడా చెప్పండి." అంతే. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు.

అంత దూరం పోవడానికి మునసబు ఒక పూట సెలవిచ్చాడు. "పొద్దుగూకేతలికి చావిడికాడ ఉండాల. లేకుంటే కానిస్టేబులొస్తాడు" అన్నాడు.

బస్సు సగం ఖాళీగా ఉన్నా కండక్టరు మావాళ్ళను చూడగానే "పైకెక్కండ్రా" అన్నాడు. "టిక్కెట్టు అందరికీ ఒకటే కదయ్యా" అన్నాను. "టిక్కెట్టు ఒకటే అయివోరా, చేపల కంపు ఒకటి గాదు గదా" అన్నాడు. మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న గొల్ల పెద్దాయన నవ్వాడు. "నా మేక లోపలుండాది, మనుషులు పైనుండారు. ఏంది నాయనా ఈ ఇచిత్రం?" అన్నాడు. కండక్టరు విననట్టు ఈల వేశాడు.

దారి పొడుగునా మెట్ట చేలు, రాళ్ళు, అక్కడక్కడ గొర్రెల మందలు. బస్సు ఒకచోట నీళ్ళ కోసం ఆగింది. తొమ్మిదిన్నరకు ఉదయగిరిలో దిగాం. బస్సులు ఆగేచోట సాయిబుగారి హోటల్లో టీ చాలా బాగుంటుంది, తప్పక తాగండి. పక్క వీధిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ళున్నారు, చూడదగ్గ పనితనం. పైన కొండ, కొండ మీద కోట గోడలు. చెంచయ్య తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఇంత గోడ ఎవురు రాకుండా కట్టినారు అయివోరా?"

"శత్రువులు రాకుండా."

"శత్రువుల పేర్లు గూడా పిలిచేవోళ్ళేమో" అన్నాడు. మావాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ రోజు వాళ్ళు నవ్వింది అప్పుడే.

సభ పదింటికన్నారు. ఆఫీసరు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. అధ్యక్షులు ఆ చుట్టుపక్కల పెద్ద భూస్వామి. యువకులే దేశానికి వెన్నెముక అని గంటసేపు మాట్లాడి, మా వెన్నెముకలు విరగ్గొట్టారు. నేను గడియారం వైపు, చెంచయ్య ఆఫీసరు వైపు చూస్తూ కూర్చున్నాం.

చివరికి మా వంతు వచ్చింది. ముందు సంఘం సభ్యులు వేదిక ముందుకు రావాలి, ఆ తర్వాత వాళ్ళలో ఒకరు రెండు మాటలు మాట్లాడాలి, అదీ ఏర్పాటు. కార్యదర్శి బిగ్గరగా పిలిచాడు.

"చెంచయ్య!"

చెంచయ్య గబగబా ముందుకు నడిచాడు. ఆఫీసరు ఎదురుగా గొంతుక్కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పెంచలయ్య!" అతనూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, అందరూ వరసగా, తలలు వంచుకుని. పుట్టి బుద్ధెరిగాక నలుగురిలో వాళ్ళ పేరు పిలిచింది చావడి దగ్గరే మరి. నా గుండె చెరువైంది.

అధ్యక్షులు మురిసిపోయారు. "చూడండి! ఇదీ క్రమశిక్షణ! బిళ్ళ ఊరికే ఇవ్వలేదు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. "అందరూ ఇట్లా ఉంటే ఇక పోలీసులెందుకు?" అని ఆఫీసరు కూడా నవ్వాడు. నేను "చెంచయ్యా, చెప్పు" అన్నాను. అతని పెదవులు కదిలాయి, మాట రాలేదు. లెమ్మని ఎవరూ అనలేదు కదా!

అప్పుడు నా పేరు పిలిచారు. వెళ్ళి ఆఫీసరు ఎదురుగా నిలబడ్డాను. బిళ్ళ చొక్కాకు గుచ్చుతుండగా ఆఫీసరుతో అన్నాను: "అది క్రమశిక్షణ కాదండీ, హాజరు. చట్టం పోయినా మా ఊళ్ళో ఇంకా పిలుస్తున్నారు." ఆయన నా భుజం తట్టాడు. "అర్జీ పెట్టండి, చూద్దాం" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇంకో మాట అనబోయేలోపే మేళం అందుకుంది.

అన్నం తినకుండానే పరుగెత్తి మూడింటి బస్సు పట్టుకున్నాం. కండక్టరు బిళ్ళ చూసి నాకు ముందు సీటు చూపించాడు. ఒళ్ళు మండి, నేనూ పైకెక్కాను. ఉదయగిరి చూడదగ్గ ఊరే. కొండ బాగుంది, టీ బాగుంది, గరిటెలు బాగున్నాయి. మమ్మల్ని పిలిచినవాళ్ళే మమ్మల్ని చూడలేదు.

సగం దారిలో చెంచయ్య నోరు విప్పాడు.

"పేరు పిలిస్తే మీరు నిలబడినారే అయివోరా. అదెక్కడ నేర్చుకున్నారు?"

"చిన్నప్పుడు, బడిలో."

"మాకు చదువు చెప్పినారు, కోలాటం చెప్పినారు. అది చెప్పలేదే" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

పొద్దుగూకుతుండగా చావడి చేరాం. మునసబు పుస్తకం తెరిచే ఉంది. "చెంచయ్యా!" అని పిలిచాడు.

చెంచయ్య ముందుకొచ్చాడు. కూర్చోలేదు. "అయ్యా, హాజరు చట్టం పోయిందంట" అన్నాడు.

మునసబు తలెత్తకుండానే ఏదో రాసుకున్నాడు. తొంగి చూశాను. రాలేదు అని రాశాడు.

"ఎదురుగా నిలబడి ఉన్నాడు కదండీ!" అన్నాను.

"వచ్చినోడైతే కూర్చుంటాడు అయివోరా" అని మునసబు పేజీ మీద వేలు కిందికి జరిపాడు. "పెంచలయ్యా!"

పెంచలయ్య చెంచయ్య వైపు చూశాడు. నా చొక్కా మీది బిళ్ళ వైపు చూశాడు. కూర్చున్నాడు.