బస్సు వెనక పిలిచిన పేరు

నా చిన్నప్పుడు, సరిగ్గా చెప్పాలంటే తొమ్మిదేళ్ళు నిండి రెండు నెలలైనప్పుడు, దోహాలోని అల్ సద్‌లో ఉండేవాళ్ళం. పక్క వాటాలో, నేను అక్కలా భావించి ఆపా అని పిలిచే నిజామాబాద్ ఆవిడ తన అన్న కుటుంబంతో ఉండేది. మా బడిలో ఇంగ్లిషు చెప్పేది. విక్టోరియా రాణి చివరి రోజుల్లో బతికి, తాగి తాగి చిన్న వయసులోనే పోయిన ఒక కవి కథల పుస్తకమంటే ఆమెకు ప్రాణం. శుక్రవారం మధ్యాహ్నాలు వాటిని నాకు తెలుగులో చెప్పేది. వాటిలో ప్రేమించినవాళ్ళు అనవలసిన మాట అనరు, మర్యాదగా విడిపోతారు. ఏడు కథలు విన్నాను. ఏడింటిలోనూ అంతే.

ఆపా భర్త దేశం ఉత్తర కొసన, మదీనత్ అల్ షమాల్ దగ్గర కంపెనీ పనివాళ్ళ క్యాంప్‌లో ఉండేవాడు. కంపెనీ ఆయన్ని మరో దేశానికి పంపుతోంది. ఉండమంటే ఉద్యోగం మానేసి ఉంటానన్నాడట. ఆపా అనలేదు. అడగకుండానే ఉండాలని ఆమె పంతం.

ఆయన వెళ్ళే రోజూ శుక్రవారమే అయింది. ఆపా మాత్రం కథ చెబుతూనే ఉంది. కథలో మనిషి రేవులో నిలబడి, నోరు విప్పకుండా, ప్రేమించినామె ఎక్కిన ఓడను పోనిచ్చాడు.

"ఒక్కమాట అంటే ఆగేది కదా ఆపా, ఎందుకనలేదు?" అన్నాను.

"అంటే ఇంక కథేముంటది బిడ్డా," అని నవ్వబోయి ఏడ్చింది. కాసేపటికి, "చెప్పులేసుకో, అమ్మకు నేను చెప్తా," అంది.

క్యాంప్ దారంతా ఇసుక గాలి. "యల్లా భాయ్, యల్లా," అని తొందరపెడుతూ టాక్సీ అతన్ని బతిమాలుతూనే ఉంది. మేం దిగేసరికి ఆయన్ని విమానాశ్రయానికి తీసుకెళ్ళే బస్సు కదిలింది. ఆపా పరుగెత్తింది. భర్త పేరు పలకడం వాళ్ళింట్లో లేదు. అంతమంది మగవాళ్ళ ముందు నోరు తెరిచింది గాని గొంతు రాలేదు. బస్సు గేటు దాటింది.

అప్పుడు పిలిచింది. ఒట్టి పేరు. మూడోసారికి గొంతు చీరుకుపోయింది. చాలా దూరాన బస్సు ఆగింది.

"పెట్టె లోపలే ఉన్నది," అన్నాడాయన దిగివచ్చి.

"పోనియ్యుండ్రి. మీరు ఉండుండ్రి," అంది ఆపా.

ఇప్పుడు దోహా పక్కనే అల్ వుకైర్‌లో నా మనవరాలికి ఆ ఏడు కథలూ ముగింపు మార్చకుండానే చెబుతాను. మా ఆయన్ని మాత్రం పెళ్ళైన మొదటి వారం నుంచే పేరు పెట్టి పిలిచాను. మా అత్తగారు చాలాకాలం నొచ్చుకున్నారు. ఆసుపత్రిలో ఆయన కళ్ళు తెరవని చివరి రెండు రోజులూ ఆ పేరే పిలుస్తూ కూర్చున్నాను. ఆయన ఆగలేదు. కాని పిలవలేదన్న బాకీ నా లెక్కలో లేదు.