కూతురి కడాయికి దూరంగా నీలవ్వ

"పదిహేనేండ్ల పోరి సారూ! గా మంట, గా మసిలే నీళ్లు... ఏమన్నయితే? ఏడాది పంట సుత గా కడాయిలనే ఉన్నది."

నీలవ్వ ఈ మాట అనడం ఆ పొద్దున నాలుగోసారి. పెర్కిట్‌లో రెండెకరాల పసుపు చేను ఆమెది. ఆమె ఉడికించిన కొమ్ములను ఆర్మూరు మార్కెట్లో విరిచి చూడకుండానే కొంటారని పేరు. ఆ ఏడు, 1989లో, కూతురు గంగామణి అడ్డం తిరిగింది. "ఈసారి నేనే ఉడకవెడ్త. నువ్వొస్తే నేను రాను" అంది.

రాజేశ్వర్ ఆ ఇంట్లో అద్దెకుండే సైన్సు మాస్టారు. తన ఏడాది బిడ్డ తుమ్మితే థర్మామీటర్ వెతికే మనిషి. "ఇద్దరు కూలీలున్నరు గదక్కా" అని ధైర్యం చెప్పాడే గానీ, ఆమెకన్నా ముందు అతనే చెప్పులేసుకున్నాడు. చివరికి ఇద్దరూ బయల్దేరారు. చేను కనబడగానే నీలవ్వ కందికట్టె మోపు చాటున ఆగిపోయింది.

పొగలో గంగామణి పుల్లతో కొమ్ములు గుచ్చి చూస్తోంది. గాలి ఇటు తిరిగింది. ఉడికిన పసుపు వాసనకు నీలవ్వ ముక్కుపుటాలు అదిరాయి.

"అయింది. దించాలె ఇగ."

గంగామణి దించలేదు. మంట ఎగదోసింది.

"పిలువక్కా! మెత్తగైతయి!"

"ఊకో సారూ."

నీలవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తన చేత్తో తవ్వి తీసిన పసుపు కళ్లముందే చెడుతోంది. అడుగు మాత్రం ముందుకు పడలేదు. ఆవిరి బలమెంతో లెక్కగట్టగలడు రాజేశ్వర్. ఆ కొంగు వెనక అణిగిన కేక బలం అతని లెక్కకు అందలేదు.

దించాక ఒక కొమ్ము గంగామణి వేళ్లమధ్య చితికిపోయింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండో కడాయికి పుల్ల పక్కన పడేసి, ఆవిరి వైపు ముఖం పెట్టి వాసన పట్టింది. నీలవ్వ ముక్కు అదిరిన క్షణంలోనే అక్కడ కేక వినిపించింది: "దించుండ్రి!"

ఇంటికొచ్చి పిల్ల తలొంచుకుంది. "అవ్వా, మొదటి కడాయి ఖరాబైంది."

"గట్లనా బిడ్డా? నాకైతే తొలిసారి రెండు ఖరాబైనయ్" అంది నీలవ్వ, ఏమీ ఎరగనట్టు.

పిల్ల లోపలికి వెళ్లాక రాజేశ్వర్ ఉండబట్టలేక అడిగాడు. "తెలిసి తెలిసి ఎట్ల ఊకున్నవక్కా?"

ఆమె ఇచ్చిన జవాబునే అతను తన బిడ్డ దగ్గర ఇప్పటికీ పాటిస్తున్నాడు.

"మంట అంటుకుంటే ఉరికేటంత దగ్గరుండాలె సారూ. పసుపు ఖరాబైతుంటే మాత్రం నోరు మూసుకోవాలె."